ఖాళీ చేస్తానన్న నోటీసు

సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచా అంటారు. రాజమణికి నాలుగు సాంచాలు ఉండేవి. భర్త ఓదెలు మస్కట్ వెళ్లి ఆరేళ్లయింది. అతను పంపిన డబ్బుతో సాంచాలు కొన్నారు గానీ నడిపింది మాత్రం ఆమె. నూలు తెచ్చుకునేది, పనివాళ్లను కుదుర్చుకునేది, మోటారు ఆగితే పానా పట్టుకుని తనే కూర్చునేది.

సాంచాలున్న రేకుల షెడ్డు కిరాయిది. వెల్గటూర్‌లో భూములున్న హన్మంతరావు దాని యజమాని. 1987 ఏప్రిల్‌లో మూడేళ్లకు స్టాంపు కాగితం రాసుకున్నారు. వాన పడితే రేకుల సందుల్లోంచి నీళ్లు నేరుగా నేస్తున్న గుడ్డ మీద కారేవి. బాగు చేయించమని అడిగి అడిగి విసిగిపోయి, రాజమణి ఊరి చివర సొంతంగా చిన్న షెడ్డు వేయించుకుంది. 1990 మార్చి ఆఖరుకు గడువు తీరుతుంది. ఆ వెంటనే సాంచాలు తరలించాలని ఆమె ఆలోచన.

ఫిబ్రవరి మొదట్లో పెట్టెలోంచి కాగితం తీసి చదివితే ఒక షరతు కనిపించింది. ఖాళీ చేయదలచుకుంటే నెల ముందే నోటీసు రాసి యజమాని చేతికి ఇవ్వాలి. ఇవ్వకపోతే ఇంకో ఏడాది కిరాయికి ఒప్పుకున్నట్టే.

ఆ యజమాని ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు. అన్నలు, అంటే నక్సలైట్లు, హెచ్చరిస్తూ ఉత్తరం పంపారని రెండేళ్ల కిందటే ఊరు విడిచిపోయాడు. నెలనెలా గుమాస్తా లచ్చయ్య వచ్చి కిరాయి తీసుకుపోయేవాడు. ఆ నెల వచ్చినప్పుడు రాజమణి నోటీసు అతని ముందు పెట్టింది.

"కిరాయి తీసుకునుడే నా పని బిడ్డా. కాయితం తీసుకునుడు నా పని గాదు," అన్నాడు లచ్చయ్య.

"గట్లయితె పటేలు యాడున్నడో చెప్పు కాకా. నేనే పోయి ఇస్త."

"చెప్తె నా పానం పోతది."

"కిరాయి ఎట్ల ముట్టిస్తున్నవ్ మరి?"

"గదంత నీకెందుకు?" అంటూ అతను చెప్పులు వేసుకున్నాడు.

పన్నెండో తారీఖున రెండు బస్సులు మారి ఆమె వెల్గటూర్ వెళ్లింది. హన్మంతరావు ఇంటి గేటుకు వేసిన తాళం తుప్పు పట్టి ఉంది. పక్కింటి తలుపు తడితే ఒక ముసలామె తొంగి చూసి, పటేలు పేరు వినగానే తలుపు మూసేసింది. ఎదురింట్లోనూ అంతే. ఎవరూ ఆమెను కూర్చోమనలేదు.

తిరిగొచ్చే బస్సును దారిలో పోలీసులు ఆపారు. ఆమె సంచిలో మడిచిన కాగితం దొరికింది. పైన పెద్ద అక్షరాలతో 'నోటీసు', కింద హన్మంతరావు పేరు, అంతా ఎర్ర సిరాతో. ఆమెను బస్సు దింపి స్టేషనుకు తీసుకుపోయారు.

"ఏ దళం పంపింది నిన్ను?" అని ఎస్సై అడిగాడు.

"దళం ఏంది సార్? నేను కిరాయిదార్ని. షెడ్డు ఖాళీ చేస్తనని రాసిన."

"ఎర్ర సిరా ఎందుకు?"

"గుడ్డ తాన్ల మీద గుర్తు పెట్టే పెన్ను సార్ అది. ఇంట్ల అదొక్కటే ఉండె."

"ఆయన యాడున్నడో నీకెందుకు?"

"చేతికే ఇయ్యాలె అని ఒప్పందంల రాసి ఉన్నది. నేను రాసిన షరతు గాదు సార్ అది, ఆయన రాయించిందే!"

ఆమె గొంతు పెరిగేసరికి కానిస్టేబులు బల్ల మీద లాఠీతో కొట్టాడు. పొద్దున తిన్న రెండు రొట్టెలతో సాయంత్రం దాకా బెంచీ మీద కూర్చుంది. సిరిసిల్లకు ఫోను చేసి కనుక్కున్నాక వదిలిపెట్టారు. నోటీసు మాత్రం తిరిగి ఇవ్వలేదు.

"గా కాయితం నాకు గావాలె సార్," అంది.

"గది మాక్కూడా గావాలె. నడువ్," అన్నాడు ఎస్సై.

మర్నాడు ఒక వకీలు దగ్గరికి వెళ్లింది. గడువు పెట్టి రాసుకున్న కిరాయి మామూలుగా ఆ గడువుతోనే తీరిపోతుందనీ, వేరే నోటీసు అక్కర్లేదనీ ఆయన చెప్పాడు. "కానీ నువ్వీ షరతు మీద సంతకం పెట్టినవు గదమ్మా. రిజిస్టర్ పోస్టు చెయ్యి." ఈసారి నీలి సిరాతో రాసి వెల్గటూర్ చిరునామాకు పంపింది. పది రోజులకు కవరు తిరిగొచ్చింది. మీద 'ఇంటికి తాళం' అని రాసి ఉంది.

మార్చి ఆఖరున లచ్చయ్య వచ్చి, నోటీసు అందలేదు కాబట్టి ఇంకో ఏడాది ఉండాల్సిందేనన్నాడు. రాజమణి కవరు చూపించింది. అతను దాన్ని ముట్టుకోలేదు.

"ఇంక గిసుంటియి పంపకు బిడ్డా. నీ ఎర్ర కాయితం పోలీసులు పటేలుకు చూపిచ్చిన్రు. గది జూసి భయపడి ఆయన ఇంకో ఇల్లు మారిండు."

"చూపిచ్చిన్రా? ఎప్పుడు?"

"శివరాత్రికి ముందే."

"అంటె నెల ముందే ఆయన చేతికి ముట్టింది గద!"

"ముట్టింది. కని నువ్వియ్యలేదు, పోలీసోళ్లిచ్చిన్రు."

ఆమె చేతిలోని కవరును బల్ల మీదికి విసిరికొట్టింది. "నేనిద్దామంటె మనిషి దొరకడు. నువ్వు తీసుకోవు. పోస్టోళ్లు వాపస్ తెస్తరు. పోలీసోళ్లిస్తె చెల్లదంటవ్. ఇంకెవలియ్యాలె కాకా? నువ్వే చెప్పు!"

లచ్చయ్య తల దించుకున్నాడు. "నన్నేం జెయ్యమంటవ్? ఆయన చెప్పమన్నది చెప్పిన," అని గొణిగాడు.

వకీలు ఇంకో ఉత్తరం రాస్తానన్నాడు గానీ రాజమణి ఆగలేదు. రెండో రోజు పొద్దున్నే నలుగురు మనుషుల్ని, రెండు ఎడ్లబండ్లను పిలిచి సాంచాల బోల్టులు విప్పించింది. ఒక బోల్టు తుప్పు పట్టి కదలకపోతే తనే సుత్తి అందుకుని విరగ్గొట్టింది. లచ్చయ్య గేటు దగ్గర నిలబడి చూశాడు, అడ్డం రాలేదు. ఆమె షెడ్డు ఊడ్పించి, తాళంచెవి అతని చేతిలో పెట్టింది. అది మాత్రం మారుమాట లేకుండా తీసుకున్నాడు.

హన్మంతరావు కేసు వేయలేదు. కోర్టుకెక్కాలంటే తానెక్కడున్నాడో చెప్పుకోవాలి. కానీ ఆ ఎర్ర సిరా నోటీసు గురించే ఆ ఏడాది రాజమణిని మూడుసార్లు స్టేషనుకు పిలిపించారు. ప్రతిసారీ ఎస్సై మారేవాడు, ప్రతిసారీ ఆమె కిరాయి కాగితం సంగతి మొదటినుంచీ చెప్పాల్సి వచ్చేది. మూడోసారి వెళ్లిన రోజు కొత్త షెడ్డులో సాంచాలు నాలుగూ ఆగిపోయి ఉన్నాయి, నూలు తెచ్చేవాళ్లు లేక.