మస్కట్ నుంచి ఆలూరుకు బావ వచ్చిన రోజు

నేను మొయినాబాదులో మోటారు పంపులు బాగుచేస్తాను. ఏ వస్తువు కనబడినా అది ఎట్లా పనిచేస్తుందో అడగకుండా ఉండలేను. పెళ్ళికి పోయినా జనరేటరు దగ్గరే నిలబడతానని ఇంట్లో ఎగతాళి చేస్తారు. ఈ ప్రయాణం కూడా అట్లా అడుగుతూ అడుగుతూ చేసిందే. ఇలాంటి పని ఎవరికీ పడకూడదు. పడితే మాత్రం కాస్త తెలిసి ఉంటే మంచిదని రాస్తున్నాను.

మా చెల్లెలు సుగుణ భర్త అంజయ్య ఆరేళ్ళుగా మస్కట్‌లో నీళ్ళ ట్యాంకరు నడిపేవాడు. ఒకరోజు తెల్లవారినా లేవలేదు. గుండె ఆగిందని చెప్పారు. నాకంటే చిన్నవాడే అయినా "బావా" అంటే "బావా" అనుకునేవాళ్ళం. సొంత తమ్ముడి మీద కూడా నాకు అంత ప్రేమ లేదు. అక్కడి కాగితాలు కదలడానికి పందొమ్మిది రోజులు పట్టింది. శవాన్ని పెట్టెలో పెట్టి ఇరవయ్యో రోజు విమానంలో పంపిస్తున్నట్టు కబురు వచ్చింది.

ముందురోజే ఆలూరు వెళ్ళి చెల్లెలి ఇంట్లో ఉన్నాను. ఉదయం ఆరింటికి బయలుదేరుతుంటే సుగుణ గేటు పట్టుకుని నిలబడింది.

"అన్నా, డబ్బ తెరిపియ్యి. ఒక్కసారి మొఖం చూస్త. చూడకుంట ఆయన పోయిండని ఎట్ల నమ్మాలె?"

"తెరిపిస్త తియ్, ఫికర్ చెయ్యకు" అన్నాను. ఏమీ తెలియకుండానే మాట ఇచ్చేశాను.

ఆరూ ఇరవైకి బస్సు, ఇంకాసేపటికి చేవెళ్ల. అక్కడ కిరాయికి మాట్లాడిన అంబులెన్సుతో డ్రైవరు ఖాజా సిద్ధంగా ఉన్నాడు. ముద్ద దిగదనుకుంటూనే నాలుగు ఇడ్లీలు తిన్నాను. సిగ్గేసింది, కానీ ఆకలి వేసింది. దారిలో మొయినాబాదు దాటాక హిమాయత్‌నగర్ ఊరి స్టేజీ దగ్గర పూలగంపతో ఒక అవ్వ చెయ్యి అడ్డం పెట్టింది.

"అవ్వా, గిది అంబులెన్సు" అన్నాడు ఖాజా.

"అయితేంది బిడ్డా, ఖాళీగనే ఉన్నది గద!"

ఎక్కించుకున్నాం. ఎవరికి బాగాలేదని అడిగితే, బాగాలేక కాదు, మా బావ శవాన్ని తేవడానికి పోతున్నామని చెప్పాను. అవ్వ గంపను ఒళ్ళోకి లాక్కుంది. "అయ్యో కొడుకా! మీ చెల్లెను తొందరపెట్టకు. ఎంతసేపు ఏడుస్తే అంతసేపు ఏడ్వనియ్యి" అన్నది. అప్పా జంక్షన్ దగ్గర దిగిపోయింది.

ఎనిమిదీ నలభైకి శంషాబాదు. ప్రయాణికుల వైపు కాదు, కార్గో వైపు వెళ్ళాలి. రెండూ వేరు వేరు దారులు, గుర్తుపెట్టుకోండి. మావాళ్ళను విమానం ఎక్కించడానికి ఎన్నోసార్లు వచ్చాను గానీ ఇటువైపు ఒక లోకం ఉందని నాకు తెలియదు. లారీలు, తూకాలు, ఫోర్క్‌లిఫ్టులు. ఒక గుమాస్తాకు కాగితాలు ఇచ్చాను: మరణ ధ్రువపత్రం, శవం చెడకుండా మందు ఎక్కించినట్టు పత్రం, ఎంబసీ ఉత్తరం, రద్దయిన పాస్‌పోర్టు. పాస్‌పోర్టు మూల ఎందుకు కత్తిరించారని అడిగాను. ఇంకెవరూ వాడకుండా అన్నాడు. ఆ ఫొటోలో అంజయ్య కాలరు బొత్తాం పైదాకా పెట్టుకుని ఉన్నాడు. ఆ చొక్కా నాది.

బెంచీ మీద నా పక్కన ఒకాయన కూర్చున్నాడు. మొయినాబాదు దగ్గర షెడ్లు వేసి పూలు పెంచుతాడట, సొంతూరు భీమవరం.

"హాలండ్ నుంచి మొక్కలు వస్తున్నాయండీ. ఎండ తగిలితే పోతాయని పొద్దున్నే వచ్చాను. మీ సరుకేంటండీ?"

"మా బావ" అన్నాను.

ఆయన ముఖం పాలిపోయింది. క్షమించమన్నాడు. అందులో ఆయన తప్పేముంది? అక్కడికి వచ్చినవాళ్ళంతా సరుకు కోసమే వస్తారు. తరవాత ఆయనే తన మొక్కల సంగతి వదిలేసి నాతో రెండు కౌంటర్లు తిరిగాడు, నా బదులు క్యూలో నిలబడ్డాడు.

పన్నెండున్నరకు పెట్టె బయటికి వచ్చింది. పైన ప్లైవుడ్, మూలలకు ఇనుప పట్టీలు, చుట్టూ స్క్రూలు. నాలోని మెకానిక్కు ఊరుకోలేదు. లోపల ఏముంటుంది, మందు ఎక్కడి నుంచి ఎక్కిస్తారు, విమానంలో చల్లగా పెడతారా, అన్నీ అడిగాను. ఆరోగ్యశాఖ అధికారి ఓపికగా చెప్పాడు. చివరికి, మూత ఎప్పుడు తీయవచ్చని అడిగాను.

"తీయకండి. లోపల రేకు పెట్టెకు టంకం వేసి ఉంటుంది. ఇరవై రోజులయింది. ఇంట్లోవాళ్ళకు చూపించే స్థితిలో ఉండరు."

నాకు అప్పుడు ఏడుపు వచ్చింది. పొద్దుటి నుంచి అదే మొదటిసారి.

రెండూ పదికి ఆలూరు చేరాం. పెట్టెను వాకిట్లో దించి, ఖాజా ఇంకో కిరాయి ఉందని వెంటనే వెళ్ళిపోయాడు. సుగుణకు సంగతి చెప్పాను. ఆమె రెండు చేతులతో నా ఛాతీ మీద కొట్టింది. "మాటిస్తివి గదనే అన్నా! మాటిస్తివి గద!" అవ్వ చెప్పినట్టు ఏడ్వనిచ్చాను. నాలుగు దాటాక పెద్దలు పెట్టెను లేపారు.

మా ఇళ్ళలో పూడ్చడమే ఆచారం. సగం దారిలో శవాన్ని కిందికి దించి, ప్రాణం ఎక్కడన్నా మిగిలి ఉందేమోనని చెవిలో మూడుసార్లు పిలుస్తాం. దాన్ని దింపుడు కల్లం అంటారు. పెట్టెను అక్కడ దించగానే అంజయ్య పెదనాయన అడిగాడు.

"చెవు ఏ దిక్కున్నదిరా?"

అందరూ నావైపు చూశారు. పెట్టె రెండు కొసలూ ఒకేలా ఉన్నాయి. టంకం గురించి అడిగాను, మందు గురించి అడిగాను, తల ఎటువైపో అడగలేదు. ఎంత వెధవను! ఖాజాకు ఫోను చేస్తే ఎత్తలేదు. గోతిలో తల దక్షిణానికి రావాలి, అదీ తెలియాలి. పంపు బరువు చూసినట్టు ఒక కొసా, ఇంకో కొసా ఎత్తి చూశాను. "గిటు జర బరువున్నది. భుజాలు గిటే, తల గిటే" అన్నాను. నా మాట మీద నాకే నమ్మకం లేదు.

"జరుగన్నా" అన్నది సుగుణ.

నేను చూపించిన వైపు మోకాళ్ళ మీద కూర్చుని, ప్లైవుడ్‌కు నోరు ఆనించి పిలిచింది. "ఏమయ్యా, ఇంటికొచ్చినవ్. లే." మూడుసార్లు. లేచి, పెట్టె చుట్టూ తిరిగి, రెండో కొస దగ్గర కూర్చుని మళ్ళీ మూడుసార్లు పిలిచింది. మూడే పిలవాలని ఎవరూ అనలేదు. తరవాత చెక్కకు చెవి ఆనించి చాలాసేపు ఉండిపోయింది. పిలుపు వినపడితే అంజయ్య పలకకుండా ఉండే మనిషి కాదు.

ఆమె లేచి కొంగుతో ముఖం తుడుచుకున్నది.

"తీస్కపోండ్రి. పలుకుతలేడు. ఇగ పోయిండు."

బరువున్న కొసను దక్షిణానికి పెట్టి పూడ్చాం.

ఆరున్నరకు చేవెళ్లలో మొయినాబాదు షేర్ ఆటో ఎక్కాను. ఏడుగురం ఇరుక్కుని కూర్చున్నాం. ముడిమ్యాల దాటాక ఫోను మోగింది. ఖాజా. తల ఎటువైపో అతనికి తెలిసే ఉంటుంది, ఇట్లాంటి పెట్టెలు ఎన్నో మోసినవాడు. పక్కనున్నాయన "ఎత్తన్నా, మోగుతున్నది" అన్నాడు. నేను ఎత్తలేదు. మోగి మోగి ఆగిపోయింది.

మీకెప్పుడన్నా శంషాబాదులో ఆ వైపు వెళ్ళవలసి వస్తే, పెట్టె చేతికి రాగానే మిగతావన్నీ పక్కనపెట్టి, తల ఎటువైపో అడగండి. నేను మాత్రం ఇప్పటికీ అడగలేదు.