దాసు బావ తుపాకి గురి

మా బావగారు దాసుకి మూడు తుపాకులున్నాయి. ఒక్కటీ ఇంట్లో లేదు. పటాలం వాళ్లు వాడి వదిలేసిన పాత రైఫిళ్లు అవి. పోలీసుల అనుమతితో, మా వాళ్లు సముద్రం దాటి వచ్చి స్థిరపడ్డ తెలుక్ ఇంటాన్ అవతల ఉన్న షూటింగ్ క్లబ్బు ఇనప గదిలో ఉంటాయి. తాళం క్లబ్బు వాళ్లదే. ప్రతి ఆదివారం ఆయన నూనె సీసా, పాత పంచె ముక్క పట్టుకుని, ఆస్పత్రిలో ఉన్న చుట్టాల్ని పలకరించబోయినట్టు వెళ్లి చూసి వస్తారు. ఇంట్లో వాటి ఫోటోలు ఉన్నాయి, మనవల ఫోటోల కన్నా కాస్త ఎత్తులో.

సుంగై సుమున్ తోటలో బావ ఏళ్ల తరబడి పామాయిల్ గెలలు కోశారు. ఆ తరువాత మండోరు అయ్యి పదిమంది చేత కోయించారు. మండోరు అన్నాక చెప్పడమే గాని వినడం ఉండదు. తోట పని మానేసినా ఆ అలవాటు మాత్రం మానలేదు.

మూడింటిలో ఆయన ప్రాణమంతా ఒక ఇంగ్లీషు రైఫిల్ మీదే. దాని గొట్టం చివర నిలువుగా చిన్న ఇనప ముక్క, వెనక ఒక గాడి. గాడిలోంచి ఆ ముక్కని చూసి, దాని కొసన గుర్తుని నిలబెట్టి కాల్చాలి. రెండూ కదలవు, తిప్పుకోవడానికి మరలు లేవు. ఎక్కడో దూరాన ఉన్న శత్రువు కోసం పెట్టిన గురి అది. క్లబ్బులో కర్ర కాళ్ల మీద నిలబెట్టిన గురి అట్ట దగ్గరే ఉంటుంది కాబట్టి గుండు దాని నెత్తి మీదుగా పోయి వెనక మట్టిగట్టులో దిగేది.

బావకి తమ్ముడు మా ఆయన కుమార్, ఫ్యాక్టరీలో ఫిట్టర్. ఒకసారి అన్నగారి వెంట వెళ్లి చూశారు.

"అన్నా, గుండు పైకి పోతాంది గదా. నువ్వే కిందకి గురి పెట్టు, అట్ట కాళ్ల కాడ."

తమ్ముడు తనకి చెప్పడమే బావకి నచ్చలేదు. పైగా తుపాకికి లొంగమంటున్నాడు.

"అది ఎటు సూపిస్తే అటే తగలాల. దాని తప్పుకి నేనెందుకురా వంగడం?"

ఆపైన తన పద్ధతిలో వైద్యం మొదలుపెట్టారు. తోటలో కత్తి గెడ పొడుగైతే పై గెల అందుతుంది, పొట్టిదైతే కింద గెల అందుతుంది. కాబట్టి గుండు కిందకి రావాలంటే ముందున్న ముక్కని పొట్టి చేయాలి. ఆకురాయి పట్టుకెళ్లి అరగదీశారు. ముక్క పొట్టిదైతే, దాన్ని గాడికి సరిపెట్టడానికి గొట్టం మూతి ఇంకా పైకెత్తాల్సి వస్తుందని మా ఆయన నాకు గరిటెతో చూపించారు. గుండు మునుపటికన్నా పైకి పోయింది. బావ ఇంకాస్త అరగదీశారు.

"మా అన్నకి గెడ తప్ప ఏటీ తెలీదు లా" అని మా ఆయన, ఇక్కడి అలవాటుగా చివర ‘లా’ తగిలించి, నవ్వారు.

పోయిన వానల్లో మా ఆయన పోయారు. కర్మకి వచ్చిన వాళ్లు ఆయన మాట ఎత్తినప్పుడల్లా బావ తుపాకి మాట ఎత్తేవారు. ఇంగ్లీషువాడు పోతూ పోతూ వంకర సరుకు వదిలిపోయాడన్నారు. ఈ దేశపు ఉక్కకి గుండు ఉబ్బుతుందన్నారు. ఆకురాయి సంగతి మాత్రం చెప్పలేదు.

ఈ ఏడు క్లబ్బు కొత్త కట్టడి పెట్టింది. ఐదు గుండ్లలో మూడైనా అట్టకి తగలకపోతే సభ్యత్వం పోతుంది. అది పోతే తుపాకులు మూడూ పోలీసులకి అప్పగించాలి. బావకి అన్నం సయించలేదు. ఆయన భార్య దేవుడమ్మక్క మొక్కుకుంది. తగలాలనో, తగలకూడదనో నేను అడగలేదు.

పరీక్షనాడు ఇంటివాళ్లనీ రానిచ్చారు. పులిహోర డబ్బాతో నేనూ వెళ్లి, అక్కతో డేరా కింద కూర్చున్నాను. బావ మొదటి రెండు గుండ్లూ మట్టిగట్టుకే ఇచ్చారు. క్లబ్బు కార్యదర్శి రవిచంద్రన్ మన తెలుగువాడే, పదవి వచ్చాక తమిళం తప్ప మాట్లాడడు. ఎగతాళికి మాత్రం తెలుగు గుర్తొచ్చింది.

"దాసన్నా, అట్ట ఇక్కడుంది. తైపింగులో కాదు లా."

అందరూ నవ్వారు. ఇక మూడే గుండ్లు మిగిలాయి, మూడూ తగలాలి. బావ తుపాకి పక్కన పెట్టారు. ఒకసారి మావైపు తిరిగి చూశారు. తరువాత బోర్లా పడుకుని గొట్టం దించారు. అరగదీసిన పాపానికి అట్ట కాళ్లు కూడా చాలలేదు, గడ్డిలోకి దించారు.

"ఏటన్నా, ఎలకని కొడతావా?" అన్నాడు రవిచంద్రన్.

అట్ట అదిరింది. మళ్లీ అదిరింది. మూడోదీ తగిలింది. నడిమిన కాదు, ఓ మూలకి. అయినా అట్టే కదా.

తిరిగొస్తూ కారంతా బావ మాటే. "సూసినావా, ఆకురాయి ఏసినాక దారికొచ్చినాది" అని అక్కకి చెప్పారు. మరి నేల మీదకి ఎందుకు దించావని అక్క అడిగితే, ఎండ కళ్లలో పడిందన్నారు. కాల్చినప్పుడు ఎండ మా వెనక ఉండింది.

మా ఇంటి ముందు కారు ఆపి, డబ్బా ఆయనే దించారు. చేతికి మాత్రం ఇవ్వలేదు.

"అమ్మీ, తమ్ముడు అట్ట కాళ్ల కాడ అన్నాడు. కాళ్ల కాడ కాదు, ఇంకా కిందకి పెట్టాల. ఆడికీ సరిగ్గా తెలీదు."

అరగదీయక ముందు కాళ్ల దగ్గరే సరిపోయేది.

"అవును బావా" అని డబ్బా అందుకున్నాను.