ఎడమ పక్క మూడు ముత్యాలు

డిపోలో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. మచ్చలేనయ్య అంటారు. ఇరవై ఆరేళ్ళుగా సిటీ బస్సు నడుపుతున్నా బండి మీద గీత పడనివ్వలేదని ఒకప్పటి మేనేజరు నలుగురిలో మెచ్చుకుంటే, ఆ మెప్పు కాస్తా పేరైపోయింది. ఆయనా ఆ పేరును ఇస్త్రీ చొక్కాలా నలగకుండా చూసుకున్నాడు. పొద్దున్నే డ్యూటీ ఎక్కేముందు బండి చుట్టూ ఒక ప్రదక్షిణం, పక్కరేకుల మీద అరచేత్తో ఒక నిమురు. బేరానికొచ్చిన గేదెను చూసినట్టు చూస్తాడ్రా అని కొత్త డ్రైవర్లు వెనక నవ్వుకునేవాళ్ళు. ఆయనకు వినపడేది. వినపడినా బాగానే ఉండేది.

ఆ బండికి కండక్టరు ఈలమ్మ. తొమ్మిదేళ్ళుగా ఆయన ముందు, ఆమె వెనక. నాతో మాట్లాడిన మాటలకంటే ఆ ఈలతో మాట్లాడినవే ఎక్కువని ఇంట్లో భార్య దెప్పుతూ ఉంటుంది. ఒక ఈలంటే ఆగు, రెండంటే పోనియ్యి. అయితే ఈ మధ్య ఈల చాలడం లేదు. స్టాపు దగ్గరకొచ్చేసరికి ఆమె ఫుట్‌బోర్డు మీద నుంచి బయటికి వంగి, "ఎడమ చూస్కో అన్నా" అని కేకేస్తోంది. ఎందుకే అంత కంగారు అని ఆయన విసుక్కుంటే, ఏమోనన్నా అలవాటైపోయింది అంటుంది. ఎప్పుడు అలవాటైందో ఆమెకూ తెలియదు.

చివరి స్టాపులో బండికి నలభై నిమిషాలు తీరిక. ఆ తీరికలో ఆడుకోవడానికి చేపల ఆటొకటి ఆయన ఫోనులో వేసిచ్చింది కూడా ఈలమ్మే. గాలం వేసి చేపలు పట్టడం, అంతే. ఆటలో మొదటి ఆరు మెట్లూ అలా గడిచిపోయాయి. ఏడో మెట్టులో గాలం నీటి అడుగున ఒక గుహలోకి దిగుతుంది. అక్కడ చేపల్లేవు, రాతి చక్రాలున్నాయి. ఏది ముందో ఏది వెనకో కనిపెట్టి, గాలాన్ని బొటనవేలితో నడుపుకుంటూ వాటిని తిప్పితే తలుపు తెరుచుకుంటుంది. దారి బాగా ఇరుకు. గాలం మీద నుంచి చూపు మరలిందా, రాయికి తగిలి మళ్ళీ మొదటికొస్తుంది. ఇంతలో చుట్టూ గోడలకు అతుక్కున్న ముత్యపు చిప్పలు రెప్పపాటు నోరు తెరిచి మూసుకుంటాయి. తెరిచిన క్షణంలో తాకితే ముత్యం మనది. అన్నీ కలిపి పన్నెండు. దొరికినవి తెర పైన గళ్ళలో చేరిపోతాయి, ఫోను ఆపేసినా పోవు. ముత్యం తీసిన చిప్ప మాత్రం ఖాళీ నోరు తెరుస్తూ మూస్తూ అక్కడే ఉంటుంది.

తొమ్మిది ముత్యాలు ఒక్క వారంలో పట్టేశాడు. మిగిలిన మూడు గళ్ళూ రెండు నెలలుగా ఖాళీ. చక్రాల లెక్క ఆయనకు కంఠతా వచ్చేసింది, తలుపు రోజూ తెరుస్తున్నాడు, ఆ మూడు మాత్రం లేవు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు ముందు ఆటను తిట్టాడు. ఉన్నవే తొమ్మిది, జనాన్ని ఉడికించడానికి ఆట చేసినవాడు పన్నెండని రాశాడన్నాడు. తర్వాత ఫోనును తిట్టాడు. తెరలో ఒక మూల చచ్చిపోయిందని బాగుచేసే కొట్టుకి పట్టుకెళితే, ఆ కొట్లో మనిషి వేలితో తెరంతా రుద్ది చూసి, నిక్షేపంలా ఉందండీ అన్నాడు. వీడికి పని రాదని తేల్చేసి వచ్చాడు మచ్చలేనయ్య.

ఆ రెండు నెలల మొదట్లోనే మొక్కలమ్మ గొడవ జరిగింది. పాత ఆసుపత్రి స్టాపు దగ్గర, టీకొట్టు పక్కన, ఒక పెద్దావిడ కుండీల్లో మొక్కలు పెట్టి అమ్ముతుంది. కాలిబాట అంచున తెల్ల గీత దాటకుండా వరసగా పేరుస్తుంది. ఒక రోజు బండి ఆపేటప్పుడు ముందు చక్రం కింద పటపటమని చప్పుడైంది. నాలుగు కుండీలు పెంకులయ్యాయి. గులాబీ మొక్కలు, మొగ్గ మీదున్నవి. ఆయన దిగి చూసి, చూసిన మరుక్షణం అరవడం మొదలుపెట్టాడు. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో ఇలాంటిది ఎరగనన్నాడు. కుండీలు రోడ్డు మీదకు జరిపింది నువ్వేనన్నాడు. నేను జరపలేదు నాయనా, రోజూ పెట్టేచోటే పెట్టానని ఆమె అంటుంటే, మతిలేని ముసలిదానా, ఎక్కడ పెడుతున్నావో నీకే తెలియడం లేదని బస్సు మొత్తానికీ వినపడేలా అన్నాడు. ఎక్కినవాళ్ళూ దిగినవాళ్ళూ ఆయన పక్షమే. మచ్చలేనయ్య మాటకు ఎదురేముంది? ఈలమ్మ కూడా, జాగ్రత్తగా ఉండాలి కదా పెద్దమ్మా అని రెండు ఈలలు వేసింది.

పోయిన శనివారం చివరి స్టాపులో ఈలమ్మ తన ఫోను తెచ్చి ఆయన ముందు పెట్టింది. గళ్ళు పన్నెండూ నిండి ఉన్నాయి. ఆమె ఆ మెట్టు ఆడటం మొదలుపెట్టి నాలుగు రోజులైంది. ఆ చివరి మూడూ నీకెక్కడ దొరికాయని అడిగాడు, నవ్వుతున్నట్టు మొహం పెట్టి.

"మూడూ ఒక్కచోటేగా అన్నా, కింద ఎడమ మూల. బండి తలుపంత నోరు తెరుస్తాయి. అవే అన్నిటికంటే తేలిక."

ఆయన అప్పుడే ఆడి చూశాడు. ఎడమ మూల వంక చూస్తే గాలం రాయికి తగులుతోంది. గాలం వంక చూస్తే ఎడమ మూల నీళ్ళే, నల్లటి రాయే. పక్కన కూర్చున్న ఈలమ్మ, ఇదిగో తెరిచింది, ఇదిగో, ఇంకోటి అంటూనే ఉంది. నాలుగోసారి ఆమె గొంతు తగ్గిపోయింది. ఆయన ఫోను జేబులో పెట్టుకుని, టైమైంది పద అన్నాడు. ఇంకా పావుగంట ఉంది.

మర్నాడు వారపు సెలవు. మధ్యాహ్నం భార్య ముందుగదిలో కుట్టుమిషను తొక్కుకుంటుంటే ఆయన మంచం మీద పడుకుని ఫోను తీశాడు. పంతం వచ్చింది. ఫోను ఎటు తిప్పినా బొమ్మ తిరగకుండా చేసే మీట ఒకటుందని ఆయనకు తెలుసు. అది నొక్కి, ఫోనును తలకిందులుగా పట్టుకున్నాడు. పిచ్చి పనేమీ కాదు, దాని వెనక లెక్కుంది. ఆ మూల చచ్చిపోయి ఉంటే, ఫోను ఎలా తిప్పినా అది చచ్చే ఉంటుంది, ఆ ముత్యాలు కనపడవు. కనపడకూడదు. అప్పుడు తప్పు ఫోనుది.

గుహ తలకిందులైంది. బుడగలు కిందికి దిగుతున్నాయి, గాలం పైకి లేస్తోంది. ఇన్నాళ్ళూ కుడికి జరిపిన వేలు ఇప్పుడు ఎడమకు జరపాలి. గంటసేపు రాళ్ళకు కొట్టుకుంటూనే ఉన్నాడు. చేతికి అలవాటయ్యాక మొదటి చక్రం తిరిగింది, రెండోది తిరిగింది. మూడో చక్రం దగ్గర, పైన కుడి మూలన, ఒక చిప్ప నోరు తెరిచింది. ఈలమ్మ అన్నట్టు బండి తలుపంత. లోపల తెల్లగా ముత్యం.

తాకాడు. దాని పక్కదీ తెరిచింది, తాకాడు. మూడోదీ దొరికింది. తెర మీద బంగారు చేప ఎగిరి గంతులేసింది, అన్నీ దొరికాయి అని అక్షరాలు మెరిశాయి, సంబరంగా పాటొచ్చింది. ముందుగది నుంచి భార్య, గెలిచారేంటండీ అని అడిగింది. ఆఁ, అన్నాడు.

కానీ ఆయన చూస్తున్నది చేపను కాదు. ఆట మళ్ళీ మొదలుపెట్టి ఇంకో సంగతి చూశాడు. మొదటివారంలో కళ్ళు మూసుకుని పట్టేసిన చిప్పలు నాలుగు, అసలు పైన కుడివైపున ఉండేవి, ఇప్పుడు తలకిందులై కింద ఎడమ మూలకొచ్చాయి. అవి ఇప్పుడు తెరవడం లేదు. పదిసార్లు చూశాడు. తెరవడం లేదు. ఫోనులో ఏ మూలా చావలేదు. చచ్చిన మూల ఫోనుతోబాటు తిరగలేదు, ఆయనతోనే ఉండిపోయింది.

ఎడమ పక్క కింద. బస్సులో ఆ పక్కనే మెట్లు. ఎక్కేవాళ్ళు, దిగేవాళ్ళు, కాలిబాట, బడి సంచులతో నిలబడే పిల్లలు అందరూ ఆ పక్కనే. ఆయన మంచం మీద లేచి కూర్చున్నాడు. పోయిన నెలలో వైద్య పరీక్షలో గోడ మీద అక్షరాలు ఆఖరి వరస దాకా గడగడా చదివాడు. గద్ద కళ్ళండీ మీవి అని డాక్టరు సంతకం పెట్టాడు. అబద్ధం కాదు, ఎదురుగా ఉన్నది గద్దలాగే కనపడుతుంది. పక్కన ఏముందో ఆ గోడ అడగలేదు, ఈయన చెప్పలేదు. ఈయనకే తెలియదు. లేని చోటు లేదని ఎవరికి తెలుస్తుంది?

రాత్రంతా నిద్ర లేదు. తెల్లారేసరికి ఒక ఉపాయం కుదిరింది, పిరికివాడి ఉపాయాలన్నీ తెల్లారేసరికే కుదురుతాయి. జ్వరమని సెలవు పెడతాడు. ఎక్కడైనా తెలియని కంటి డాక్టరుకు చూపించుకుంటాడు. చుక్కల మందో, అద్దాలో, ఏదో ఒకటి. నయమైతే సరే. కాకపోయినా ఇంకా రెండేళ్ళేగా మిగిలిన సర్వీసు, ఈలమ్మ కేకలుంటాయి. కానీ ఆ నాలుగు కుండీలు మాత్రం గొంతులో ఎముకలా అడ్డం పడ్డాయి. మొక్కలమ్మకొక్కదానికే, చెవిలో చెప్పేసి వస్తే చాలనుకున్నాడు.

అలా తన బండిలోనే ప్రయాణికుడిగా ఎక్కాడు. స్టీరింగు దగ్గర ఎవరో కుర్ర డ్రైవరు. ఈలమ్మ ఆయన్ని చూసింది, జ్వరమటగా అనలేదు, టికెట్టు అడగలేదు. ఆ రోజు ఏ స్టాపులోనూ ఎడమ చూస్కో అని కేకెయ్యలేదు. ఆ అవసరం రాలేదని ఇద్దరికీ ఒకేసారి తెలిసింది. ఆమె తల తిప్పుకుంది.

పాత ఆసుపత్రి స్టాపులో బండి ఐదు నిమిషాలు ఆగుతుంది. ఆయన దిగి మొక్కలమ్మ దగ్గరకెళ్ళాడు. కుండీలిప్పుడు గీతకు మూరెడు లోపలికి, గోడకు ఆనించి ఉన్నాయి. ఆమె ఆయన్ని గుర్తుపట్టి, గీతకూ కుండీలకూ మధ్య ఖాళీని చూపిస్తూ చేతులు చాచి, లోపలికే పెట్టానయ్యా, రెండుసార్లు చూసుకున్నాను అంది. ఆయన వంగి, మెల్లగా చెప్పాడు.

"ఆ రోజు నువ్వు జరపలేదు పెద్దమ్మా. నాకే కనపడలేదు. ఎడమ పక్క నాకు చూపు లేదు. నిన్ననే తెలిసింది."

ఆమె తిడుతుందనుకున్నాడు. తిట్టలేదు. నీళ్ళ చెంబు పక్కన పెట్టి ముక్కాలి పీట మీద కూలబడింది. తర్వాత ఆమె చెప్పినవి ఆయన ఊహించినవి కావు. ఆ రోజు అంత పెద్దమనిషి అంత గట్టిగా అన్నాక తనకు నిజంగానే మతి తప్పుతోందని నమ్మేసిందట. పొయ్యి ఆపి మళ్ళీ వెళ్ళి చూసుకుంటోందట. తలుపు తాళం కోడలికి ఇచ్చేసిందట. మనవరాలిని బడికి తీసుకెళ్ళి తీసుకొచ్చేది తనే, అదీ మానేసిందట. ఎక్కడో దారిలో పిల్లని వదిలేస్తానేమోనని భయం. రెండు నెలలుగా ఆ పిల్ల నాయనమ్మ ఎందుకు రావడం లేదని ఏడుస్తోందట.

మచ్చలేనయ్య గోడవారనున్న కుండీల వంక చూశాడు. పగిలినవి కుండీలేననుకున్నాడు ఇన్నాళ్ళూ.

"అయితే నాకు మతి పోలేదన్నమాట," అంది ఆమె.

"పోలేదు పెద్దమ్మా."

"ఆ రోజు ఎంత గట్టిగా అన్నావో అంత గట్టిగా చెప్పు నాయనా. విన్నవాళ్ళు అందరూ ఇక్కడే ఉన్నారు."

ఆయన వెనక్కి తిరిగాడు. బండి ఇంకా ఆగే ఉంది. కిటికీల్లో రోజూ చూసే మొహాలే. టీకొట్టు అతను గ్లాసు పట్టుకుని ఇటే చూస్తున్నాడు. ఫుట్‌బోర్డు మీద ఈలమ్మ, నోట్లో ఈల. ఇక్కడ గొంతెత్తితే ఆ మాట బండి కంటే ముందు డిపోకు చేరుతుంది. ఆ తర్వాత చుక్కల మందులుండవు, రెండేళ్ళుండవు, పొద్దున్నే రేకు మీద చెయ్యి వేసి నిమరడం ఉండదు. ఈలమ్మ మెల్లగా తల అడ్డంగా ఊపింది, వద్దన్నా అన్నట్టు.

ఆయన బండి వైపు ఒక అడుగు వేశాడు. గొంతెత్తాడు.

"ఆ రోజు తప్పు ఈవిడది కాదు. నాది. నాకు ఎడమ పక్క కనపడదు. కనపడకుండానే మిమ్మల్నందరినీ తిప్పాను."

టీకొట్టు అతను గ్లాసు కింద పెట్టాడు. ఐదు నిమిషాలు దాటిపోయాయి, కుర్ర డ్రైవరు అద్దంలోంచి రెండుసార్లు చూశాడు, ఈలమ్మ ఈల వెయ్యలేదు. మచ్చలేనయ్య అక్కడే నిలబడి ఉన్నాడు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక. మొక్కలమ్మ లేచి చేతులకంటిన మట్టి దులుపుకుంది. బడి ఎన్నింటికి వదులుతారో టీకొట్టు అతన్ని అడిగింది.