పన్నెండూ ఇరవై తొమ్మిది

కొత్త చింతపండు వాసనకు ఎవరికైనా నోరూరుతుంది. నాకు మాత్రం దవడలు బిగుసుకుంటాయి. ఈ ఫిబ్రవరి చివర ఒక ఉదయం, పద్మారావు నగర్‌లోని మా ఫ్లాటు బాల్కనీలో మా అమ్మాయి రెండు కిలోల కొత్త చింతపండు ఎండబెట్టి ఆఫీసుకు వెళ్లింది. ఆ వాసన ఇల్లంతా పరుచుకుంటున్న వేళ, ఆరో తరగతి చదివే మనవరాలు నిత్య ఫోను పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. వాళ్ల బడిలో పెద్ద తరగతుల పరీక్షలు పెట్టారట, అందుకని ఆరు, ఏడు తరగతుల పిల్లలు ఆ రోజు ఇంట్లోనే ఉండి చేయాల్సిన పనుల జాబితా తల్లిదండ్రుల గ్రూపులో పంపారు. గది పొడవు వెడల్పులు కొలవాలి, వంటలో సాయం చేసి ఏది ఎంత వేశారో రాయాలి, పెద్దవాళ్లు చిన్నప్పుడు ఆడిన ఆట ఒకటి అడిగి తెలుసుకోవాలి. నాలుగోది, ఎండలో ఒక కర్ర నిలబెట్టి దాని నీడ ఏ సమయానికి అన్నిటికంటే పొట్టిగా ఉందో చూసి రాయాలి.

"లాస్ట్‌ది ఈజీ అమ్మమ్మా, పన్నెండింటికే కదా. రాసేస్తున్న."

"చూడకుంట రాసినవంటే చెయ్యి ఇరగ్గొడ్త" అన్నాను.

పిల్ల బిత్తరపోయింది. పదకొండేళ్ల పిల్లను అంత మాట అనవలసింది కాదు. కానీ నాకు పదకొండేళ్ల ఏడు నెలలున్నప్పుడు ఇదే పని ఇచ్చారు, ఇదే నెలలో.

అప్పుడు మేం బోయిగూడలో, ఇరవై నాలుగడుగుల పొడవూ పదహారడుగుల వెడల్పూ ఉన్న వాకిలి గల పెంకుటింట్లో ఉండేవాళ్లం. చలి వెళ్లిపోయి, పొద్దున పదింటికే ఎండ వీపు మీద చురుక్కుమనే ఆ రోజుల్లో, నానమ్మ వాకిట్లో చాప పరుచుకుని, ఒక కాలు చాపుకుని, చింతకాయలను రాతి మీద టకటకా కొట్టి పెంకు విడదీస్తూ ఉంటే, అమ్మ ఈనెలు లాగి ఉప్పు కలిపి జాడీకి ఎత్తేది. గింజలు పిల్లల వాటా. సగం వేయించుకుని బుగ్గన పెట్టుకునేవాళ్లం, సగం ఒక వైపు అరగదీసి అష్టా చెమ్మాకు దాచుకునేవాళ్లం. ఉప్పూ కారం వేసి దంచిన రేగుపళ్లు, శివరాత్రికి ఉడకబెట్టిన చిలగడదుంపలు, వేళ్లకు అంటుకుని ఎంత నాకినా పోని ఆ పులుపు, అన్నీ కలిసి ఆ నెల వాసన.

మా బాపు రైల్వే వర్క్‌షాపు గేటు దగ్గర టైమ్‌కీపరు. పొద్దున సైరన్ మోగగానే చేతి గడియారానికి కీ ఇచ్చేవాడు, సరిగ్గా ఇరవై రెండు చుట్లు. ఆ చుట్లు లెక్కపెట్టడం నా పని. ఆ కాసేపు ఇంట్లో ఎవరూ మాట్లాడకూడదు. ఒకసారి నేను ఇరవై ఒకటి దగ్గర తడబడితే, విసుక్కోకుండా ఆగి, "మళ్ల చెప్పు బిడ్డా" అన్నాడు.

ఓట్ల కోసం మా బడిని ఒక రోజు తీసుకున్నారు. ముందు రోజు సాయంత్రం శకుంతల టీచర్, మా సైన్సు టీచరు, ఇంట్లో చేసుకు రావాల్సిన పనులు బోర్డు మీద రాసింది. వాటిలో నీడ పని ఒకటి. బాపుకు కూడా సెలవు. ఓటేసి వేలి మీద సిరా మచ్చతో ఎనిమిదింటికే తిరిగొచ్చి, వాకిట్లో చింతపండు చాపలు పక్కకు జరిపి, రెండడుగుల ఇనుప చువ్వ పాతాడు. దారానికి ఒక నట్టు కట్టి వేలాడదీసి, చువ్వ నిటారుగా ఉందో లేదో మూడుసార్లు చూశాడు.

"గీ నీడను కొలిచేదేందిరా, పిల్ల నెత్తి మాడుతది. జెర ఇటొచ్చి చింతపండు సుత వలవమను" అంది నానమ్మ.

"ఆగమ్మా, పిల్ల డ్యూటీల ఉన్నది" అన్నాడు బాపు.

తొమ్మిది నుంచి గంట గంటకూ, పదకొండున్నర నుంచి పది నిమిషాలకోసారీ కొలిచాను. పన్నెండయింది, నీడ ఇంకా తగ్గుతూనే ఉంది. నాకు భయం వేసింది. "బాపూ, పుస్తకంల పన్నెండని ఉన్నది గదా!"

"నువ్వు చూసిందే రాయి. గడియారాలన్నీ దేశానికంతటికి ఒక్క తీరుగ పెట్టిండ్రు. సూర్యుడు సికిందరాబాద్ మీదికొచ్చేసరికి జెర లేటైతది, అంతే."

పదకొండున్నరకు నీడ ఎంత పొడవుందో మళ్లీ అంత పొడవు ఎప్పుడవుతుందా అని కనిపెట్టుకుని ఉంటే, ఒంటి గంటా ఇరవై ఎనిమిదికి అయింది. ఆ రెంటికీ నడిమి సమయం, అంటే నీడ అన్నిటికంటే పొట్టిగా ఉన్న సమయం, పన్నెండూ ఇరవై తొమ్మిది. పన్నెండింటి నీడకూ దానికీ అర అంగుళం తేడా. సిరాతో రాశాను. రాసేటప్పుడు నా వేళ్లకున్న చింతపండు కాగితానికి అంటుకుంది.

మర్నాడు తరగతిలో ముప్పై ఎనిమిది మందిమి. ముప్పై ఏడు నోటుబుక్కుల్లో పన్నెండని ఉంది. ఎండలోకి రాకుండా రోజంతా మా పక్కింటి అరుగు మీద అష్టా చెమ్మా ఆడిన పిల్లలు కూడా పన్నెండనే రాశారు. టీచర్ నా నోటుబుక్కు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది.

"మీ నాన్న గడియారం చింతపండు పులుసులో పడిందా ఏమిటే? ముప్పై ఏడు మందికి కనబడిన సూర్యుడు నీకొక్కదానికే అరగంట ఆలస్యంగా కనబడ్డాడా?"

తరగతి గొల్లుమంది. అందరి ముందూ నా చేతనే ఆ అంకె కొట్టేయించి, పన్నెండు అని రాయించి, అబద్ధం రాసినందుకు అరగంట ఎండలో నిలబెట్టింది. ఆ రోజు నుంచి బడి వదిలేదాకా నా పేరు 'అరగంట'.

అందుకు కాదు నా కోపం. సాయంత్రం బాపు నోటుబుక్కు చూసి, "నీ చేత్తోనే కొట్టేసినవా?" అన్నాడు. తలూపాను. మర్నాడు సైరన్ మోగింది. గడియారం తీసి, నన్ను పిలవకుండా, తనే లోపల లెక్కపెట్టుకుంటూ కీ ఇచ్చుకున్నాడు. తర్వాత ఎప్పుడూ నన్ను పిలవలేదు.

పెద్దయ్యాక శకుంతల టీచర్ దగ్గరికి వెళ్లి అడుగుతానంటే బాపు ఒప్పుకోలేదు. "నేను బతికున్నన్ని రోజులు ఆ మాట తియ్యద్దు. చదువు చెప్పిన మనిషి." నేనూ లెక్కల టీచరునయ్యాను, ముప్పై ఒక్క ఫిబ్రవరులు ఆగాను, ఒక్క ఏడూ తప్పకుండా నీడ కొలిచి రాసుకున్నాను. ముప్పై ఒకటో ఏడు డిసెంబరులో బాపు పోయాడు. అరవై రెండో రోజున, పాత నోటుబుక్కూ, చువ్వా, టేపూ సంచిలో పెట్టుకుని, మౌలాలిలో ఆమె ఇంటి గేటు తీశాను.

తల పూర్తిగా నెరిసింది. "ఎవరమ్మా?" అంది.

"అరగంటను."

వెంటనే గుర్తుపట్టింది. లోపలికి రమ్మంది. "మీరే బయటికి రండి టీచర్" అన్నాను. చువ్వ పాతాను, టేపు ఆమె చేతికిచ్చాను. పదిహేను నిమిషాలయ్యాక కుర్చీ తెచ్చుకుంటానంది. "నన్ను నిలబెట్టినంత సేపే" అన్నాను. ఆమె ఒక చేత్తో గేటు పట్టుకుని నిలబడింది, నేను చూస్తూనే ఉన్నాను. పన్నెండున్నర దాటి నీడ మళ్లీ సాగడం మొదలయ్యాక, టేపు వదిలేసి అంది.

"నాకు తెలుసమ్మా. ఆ ఆదివారమే మా ఇంట్లో కొలిచి చూశాను. అంతమంది పిల్లల ముందు నాదే తప్పని ఎలా చెప్పుకోను?"

తెలియక చేసిందనుకున్నంత కాలం నా కోపానికి ఒక హద్దు ఉండేది. ఎర్ర సిరా పెన్ను ఇచ్చాను. పన్నెండు కొట్టేసి, పన్నెండూ ఇరవై తొమ్మిది అని రాసి, సంతకం పెట్టి, తేదీ వేసింది. తేదీ సరిగ్గా ఉందో లేదో చూసుకున్నాను. "ఇప్పుడైనా తీరిందా?" అంది. లేదన్నాను. ఆమె పోయి చాలా ఏళ్లయింది, ఇప్పటికీ లేదు. ఇంత వయసొచ్చాక క్షమించానని రాస్తే చదివేవాళ్లకు బాగానే ఉంటుంది. కానీ అది కూడా చూడకుండా పన్నెండని రాయడమే అవుతుంది. ఆ సంతకం చూడవలసిన మనిషి అప్పటికి అరవై రెండు రోజులుగా లేడు.

బోయిగూడ వాకిలి మీద ఇప్పుడు నాలుగంతస్తులున్నాయి. గడియారానికి కీ ఇచ్చే చెయ్యి ఎక్కడా కనబడదు. మా వీధిలో నడిమధ్యాహ్నం కూడా ఎండ నేలదాకా దిగదు కనుక, నిత్యా నేనూ మిద్దె మీదికెక్కి, నీళ్ల ట్యాంకుల మధ్య చీపురు కర్ర నిలబెట్టి కొలిచాం. గొణుక్కుంటూనే కొలిచింది. పన్నెండు దాటాక గొణుగుడు ఆపేసింది. లెక్క తనే వేసి, ఫొటోతో సహా పంపింది.

నాలుగింటికి బడి నుంచి జవాబు వచ్చింది. సరైన జవాబు పన్నెండు గంటలు, దిద్ది మళ్లీ పంపమని.

నేను చీర మార్చుకోవడానికి లేచాను. ఆటో పిలవమన్నాను.

"నువ్వు ఆగు అమ్మమ్మా, లొల్లి చేయకు" అని, నిత్య రెండు బొటనవేళ్లతో టకటకా ఏదో కొట్టి, ఫోను నా ముందు పెట్టింది.

"టీచర్, నేను చూసిందే రాసిన. రేపు పన్నెండింటికి గ్రౌండ్‌లోకి రండి, మీరు కూడా చూడండి."

కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివాను. పదకొండేళ్ల ఏడు నెలల వయసులో నాకు ఆ మాట నోట రాలేదు.