నాన్న తల, నా దువ్వెన

ఆ రోజుల్లో నాకో గట్టి నమ్మకం ఉండేది: మా ఇంట్లో పనిచేసిన భౌతికశాస్త్రం కోకాపేటలోనూ పనిచేస్తుందని. చిన్నప్పటి ఆయాసం వల్ల నేను బడికి వెళ్లలేదు. నాన్నే నా మాస్టారు. విద్యుదావేశాల పాఠానికి ఆయన తలే ప్రయోగశాల. నూనె రాస్తే జలుబు చేస్తుందని ఆయన జుట్టెప్పుడూ పొడిగానే ఉండేది. ప్లాస్టిక్ దువ్వెనతో ఆ తల దువ్వి కాగితం ముక్కల దగ్గర పెడితే చాలు, ఎగిరొచ్చి అంటుకునేవి. ఇంత చిన్న వింతను కూడా మరిచిపోకుండా పెట్టిన దేవుడికి మనసులోనే దండం పెట్టుకునేదాన్ని.

కోకాపేటలోని ఆన్‌లైన్ పాఠాల కంపెనీ ఒకటి నమూనా పాఠం చెప్పమని పిలిచింది. బాగా చెబితే ఉద్యోగం, అదీ నా మొదటిది. ఆ ఉదయం అమ్మ, శుభమా అని వెళ్తున్నావంటూ తలకు కొబ్బరినూనె దట్టంగా పట్టించి జడ వేసింది. నాన్న తోడొచ్చి కింద సెక్యూరిటీ దగ్గర కూర్చున్నారు (జేబులో కుంకుమ పొట్లంతో).

పైన అద్దాల గదిలో ముగ్గురి ముందు నా తల నేనే దువ్వి, దువ్వెనను కాగితాల దగ్గర పెట్టాను. ఒక్కటీ కదల్లేదు. ఇంకా గట్టిగా దువ్వి, ఇంకా దగ్గర పెట్టాను. ఈసారి ఒక ముక్క అంటుకుంది. ఆవేశంతో కాదు, నూనెతో.

“ఏందమ్మా, కరెంటు పోయిందా?” అన్నారు మధ్యలో కూర్చున్న పెద్దసారు.

ఉద్యోగం జారిపోతోంది. అప్పుడు చూశాను ఆయన తల: ఒత్తుగా, పొడిగా, అచ్చం నాన్న తలలా.

“సార్, ఒక్కసారి మీ తల ఇస్తారా అండి?”

పక్కనున్నావిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పెద్దసారు కుర్చీ ముందుకు జరుపుకున్నారు. “ఇగ తప్పుతదా! జర పైలంగ దువ్వు. పొద్దుగాల్నే మా ఇంటామె షాంపూ పెట్టిచ్చింది.”

దువ్వెనకంటిన నూనె శుభ్రంగా తుడిచి, ఆంజనేయస్వామిని తలచుకుని దువ్వాను. కాగితాలు ఎగిరొచ్చాయి! అంటుకున్నవాటిలో రెండు మళ్లీ టక్కున అవతలికి దూకాయి. “వీటికీ దువ్వెన ఆవేశమే అంటిందండి. ఒకే రకం ఆవేశాలు నెట్టుకుంటాయి. వాటి మధ్య దూరం రెట్టింపైతే ఆ బలం నాలుగో వంతుకు పడిపోతుంది” అన్నాను.

“గందుకే మా మేనేజర్లిద్దరిని వేరే వేరే అంతస్తుల్ల కూసోబెట్టిన!” అని ఆయన చెదిరిన జుట్టుతోనే, “సోమవారం నుంచి రా” అన్నారు.

కిందికొచ్చి చెబితే నాన్న నొచ్చుకున్నారు. “పిలిస్తే నేనే వచ్చేవాణ్ణి కదమ్మా, తల ఇక్కడే ఉందిగా!”

పై అధికారిని తల అడిగిన ఆ పిల్ల ధైర్యం ఇప్పుడు నాకు లేదు. ఈ పాఠం రికార్డు చేసే రోజున నాన్న ఇప్పటికీ వచ్చి తల వంచుతారు. అక్కడ మిగిలినవి నాలుగు వెంట్రుకలు. ఒక్క కాగితమూ లేవదని ఇద్దరికీ తెలుసు. అయినా భక్తిగా దువ్వే బయల్దేరతాను.