కోరమండల్ హాల్లో తండ్రీకూతుళ్ల సాక్ష్యం

1993లో నేను బెంగళూరులో, శాసనసభ సచివాలయంలో రిపోర్టరుగా పనిచేస్తున్నాను. రిపోర్టరంటే పత్రికా విలేకరి కాదు. సభలోనూ, సభ తరఫున ఏర్పడే కమిటీల్లోనూ ఎవరేం మాట్లాడినా షార్ట్‌హ్యాండులో రాసుకుని, ఆ తర్వాత మాటకు మాట రికార్డు తయారుచేసే ఉద్యోగం. నా పైన సీనియర్లు, వాళ్ల పైన ముఖ్య రిపోర్టరు.

పట్టణ పాలనకు సంబంధించిన రాజ్యాంగ సవరణ ఆ ఏడాదే అమల్లోకి వచ్చింది. పట్టణాల్లో ఎన్నికైన మున్సిపాలిటీలు ఉండాలి, వాటిలో మూడో వంతు స్థానాలు ఆడవాళ్లకు దక్కాలి. అయితే అందులో ఒక మినహాయింపు ఉంది. నీళ్లు, రోడ్లు, పారిశుద్ధ్యం ఒక పరిశ్రమే చూసుకునే చోటును ప్రభుత్వం పారిశ్రామిక పట్టణంగా ప్రకటించి, మున్సిపాలిటీ లేకుండానే నడపవచ్చు. కోలారు బంగారు గనులు జాతీయమై అప్పటికి చాలా ఏళ్లయింది. కార్మికులుండే ఇళ్ల వరసల్లో, అంటే లైన్లలో, ఇల్లూ దీపమూ నీళ్లూ అన్నీ కంపెనీవే. అక్కడ ఈ మినహాయింపు వాడాలా, వద్దా? జనం ఏమంటారో వినడానికి శాసనసభ తరఫున ఒక చిన్న ఉపసంఘం బయలుదేరింది.

నన్ను ఎంపిక చేయడానికి కారణం నా వేగం కాదు, నా భాషలు. మాది కోలారు పక్కనే, ముళబాగిలు వైపు గుమాస్తాల కుటుంబం. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, గనుల్లో ఉన్న బంధువుల ఇళ్లలో తమిళం. షార్ట్‌హ్యాండులో రాసేది అక్షరాలను కాదు, ధ్వనులను. చెవికి తెలిసిన ఏ భాషైనా అందులో ఒదుగుతుంది. అయినా అంతవరకు నేను రాసినవన్నీ శాసనసభ్యుల ప్రసంగాలే. రాజ్యాంగం గురించి మా ఊళ్ల భాషలో జనం వాదించుకుంటుంటే రాయబోతున్నానన్న సంబరం కోలారు దాటేసరికి దాచుకోలేనంత అయింది.

గనుల ప్రాంతంలోని కోరమండల్ అనే కార్మికవాడలో విచారణ జరిగిన హాలు మేం వెళ్లేసరికే నిండిపోయింది. కిటికీల బయట కూడా జనమే. పద్ధతి మామూలుదే. మాట్లాడదలచినవారు ముందే ఉపసంఘం కార్యదర్శికి పేరు ఇవ్వాలి. అధ్యక్షులు పిలిచాక లేవాలి. పిలవనివారి మాట రికార్డుకు ఎక్కదు. అలాంటప్పుడు రిపోర్టరు ‘అంతరాయం’ అని ఒక్క మాట రాసి ఊరుకోవాలి. ముఖ్య రిపోర్టరు పక్కనుండగా మేం ముగ్గురు రిపోర్టర్లం వంతులవారీగా రాస్తున్నాం. వెంకటప్ప పేరు నా వంతులో వచ్చింది.

ఆయన గని లోపల పైకప్పు కూలకుండా దూలాలు బిగించే పనిలో ఉండి రిటైరైన మనిషి. వాళ్ల లైను తరఫున మాట్లాడటానికి వచ్చాడు. మున్సిపాలిటీ వద్దన్నాడు.

“ఇల్లు కంపెనీది, కరెంటు కంపెనీది, ఆస్పత్రి కంపెనీది. మున్సిపాలిటీ వస్తే మొదట వచ్చేది కందాయం సార్, ఇంటి పన్ను. గనిలో బంగారం తగ్గతా ఉండాది. ఇంగ మీ నీళ్లు మీ మున్సిపాలిటీనే చూసుకుంటాదని కంపెనీ చేతులు దులుపుకుంటే మేము యాడికి పోవాల?”

హాల్లో చాలామంది తలలూపారు. నాకూ ఆ భయం న్యాయంగానే తోచింది. అంతలో వెనక నుంచి ఒక ఆడగొంతు లేచింది.

“నాయనా, నీకు యూనియన్ ఉన్నింది. అడిగేదానికి ఒక చోటున్నింది. లైన్లో నీళ్లు పట్టేది మేము. మాకు యాడుండాది చోటు? ఢిల్లీకి ఓటేస్తాము, బెంగళూరికి ఓటేస్తాము. ఇంటి ముందర కొళాయికి నీళ్లు ఎప్పుడు ఇడవాలో చెప్పేదానికి మాకు ఓటు లేదు!”

ఆమె వెంకటప్ప కూతురే. ఆడవాళ్ల వైపు నుంచి కేకలు, మగవాళ్ల వైపు నుంచి అంతకన్నా పెద్ద కేకలు. అధ్యక్షులు గంట కొట్టి, పేరు ఇవ్వనివారు కూర్చోవాలని, ఆ మాటలు రికార్డుకు పోవని ప్రకటించారు. నా పెన్సిల్ ఆగిపోయింది. ‘అంతరాయం’ అని రాశాను.

కూతురిపై ముసలాయన మండిపడతాడనుకున్నాను. ఆయన అధ్యక్షుల వైపు తిరిగి చేతులు జోడించాడు.

“సార్, నేను వద్దంటా ఉండా, అది కావాలంటా ఉండాది. రెండూ ఒగే ఇంటి మాటలు. దాని మాట రాయకుంటే నా మాటా కొట్టేయండి.”

హాలు ఒక్కసారి హోరెత్తింది. అధ్యక్షులు ఎటూ తేల్చుకోలేక కార్యదర్శి వైపు చూశారు. మాట్లాడినవారు ఎవరో తెలియకపోతే రిపోర్టరు చీటీ పంపి పేరు అడగవచ్చు. మాలో ప్రతివాడూ రోజూ చేసే పనే. పిలవని మనిషి విషయంలో పంపిన రిపోర్టరును మాత్రం నేను చూడలేదు. పంపకూడదనే నియమమూ లేదు. ‘ఇప్పుడు మాట్లాడిన మహిళ పేరు, చిరునామా?’ అని రాసి పక్కనున్న ముఖ్య రిపోర్టరు ముందు పెట్టాను. ఆయన చదివారు. నా వైపు చూడకుండానే వేలితో కార్యదర్శి వైపు జరిపారు.

చీటీ చేతులు మారి అధ్యక్షులకు చేరింది. ఆయన కళ్లజోడు తీసి, మళ్లీ పెట్టుకుని, “అమ్మా, మీ పేరు చెప్పండి” అన్నారు.

“నాగరత్న సార్. బట్టలు కుడతాను.”

అధ్యక్షులే పేరు అడిగారు కాబట్టి ఇక ఆమె మాటా రికార్డుకు ఎక్కుతుంది. నా చెయ్యి అంతకు ముందెన్నడూ అంత వేగంగా పరుగెత్తలేదు. కంపెనీ నిజంగానే చేతులు దులుపుకుంటే ఏం చేస్తారని అధ్యక్షులు అడిగారు.

“నా భయమూ అదే సార్. గని మూసేసినాక మా తరఫున అడిగేవాళ్లు ఎవురు? ఇప్పుడే ఎన్నికైనోళ్లు ఉంటే, అప్పటికి అడిగేది నేర్చుకోనుంటారు.”

“మరి కందాయం?” అన్నాడు తండ్రి, మళ్లీ లేచి.

“ఎంతెయ్యాలో తేల్చే కాడ మనమూ ఉంటాము గదా నాయనా!”

వెంకటప్ప తల అడ్డంగా ఊపాడు. “నేను ఒప్పుకోలేదు. అది కూడా రాసుకోప్పా” అని నాకేసి చెయ్యి చూపించాడు. అధ్యక్షులతో సహా అందరూ నవ్వారు. ఆ వెంటనే “నా పేరూ రాసుకోండప్పా” అంటూ ఆడవాళ్లు ఒకరి తర్వాత ఒకరు లేచారు. నా వంతు ఎప్పుడో ముగిసింది. సహోద్యోగి వచ్చి భుజం తట్టేదాకా నాకు తెలియలేదు.

బెంగళూరు తిరిగొచ్చాక నా షార్ట్‌హ్యాండు నుంచి కన్నడ అనువాదం సిద్ధం చేశాను. దానితోపాటు వాళ్ల తెలుగు మాటలను కన్నడ లిపిలో ఉన్నవి ఉన్నట్టు జతచేయాలని ముఖ్య రిపోర్టరు పట్టుబట్టారు. సిఫారసుల్లో ఉపసంఘం ఎటూ తేల్చి చెప్పలేదు. మినహాయింపు ఇచ్చే ముందు, కంపెనీలో ఉద్యోగం ఉన్నా లేకున్నా, అక్కడ కాపురముండే అందరి మాటా వినాలని మాత్రం రాసింది. ప్రభుత్వం కొన్ని సిఫారసులు తీసుకుంది, కొన్ని పక్కన పెట్టింది. ఆ తర్వాత ఏం చేయాలన్నది మా శాఖ పరిధిలోని విషయం కాదు.

చర్చలో గెలుపోటములు రిపోర్టరుకు సంబంధం లేనివని ఉద్యోగంలో చేరిన రోజే చెప్పారు. అది నిజమే. ఒకరి మాటను రికార్డులోకి తీసుకోవాలా వద్దా అన్నది కూడా అధ్యక్షుల అధికారమే. అయితే విన్న మాట ఎవరిదని అడగడం రిపోర్టరు పనిలో భాగం. అడగకుండా ఊరుకుంటే రికార్డు తప్పుల్లేకుండా ఉండి కూడా అసంపూర్ణంగా మిగిలిపోతుంది. కోరమండల్‌లో నేను నేర్చుకున్నది ఇదే. తర్వాత రిటైరయ్యేదాకా నా కింద చేరిన ప్రతి కొత్త రిపోర్టరుకూ వేగం సంగతి పక్కన పెట్టి ముందు దీన్నే నేర్పాను.