ఏం రాసుకున్నరో జెర సదువుండ్రి

నేను దయ్యాలను నమ్మను. ఇది జరిగాక కూడా నమ్మడం లేదు. పుస్తకంలో దయ్యం వస్తే ఇష్టంగా చదువుతాను, పుస్తకం మూసి హాయిగా నిద్రపోతాను. మా నాన్న లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఎలక్ట్రీషియన్. ఇంట్లో ఏది దానంతటదే మోగినా, వెలిగినా "ముందుగాల వైరు చూడు" అంటాడు. అలాంటి ఇంట్లో పెరిగినదాన్ని. అందుకే జరిగింది జరిగినట్టే రాస్తున్నాను.

నేను ఒక చిన్న రేడియో స్టేషన్‌లో పని చేస్తాను. రాంగోపాల్‌పేట్‌లో బట్టల దుకాణం పైన ఉంటుంది. ప్రతి బుధవారం పొద్దున జనం ఫోన్ చేసి తమ గల్లీ కష్టాలు చెప్పుకునే కార్యక్రమం ఒకటి వస్తుంది. నీళ్లు, చెత్త, వీధిదీపాలు. అప్పుడప్పుడు అధికారులు వచ్చి జవాబు చెబుతారు. మాట్లాడించేది శీనన్న. ఆయన గదికీ నా గదికీ మధ్య ఒక అద్దం. ఫోన్లు ముందు నేను ఎత్తి, పేరు, చోటు, విషయం రాసుకుని, మీట నొక్కి ప్రసారంలోకి కలుపుతాను.

నలుగురిలో మాట్లాడాలంటే నాకు గొంతు పట్టేస్తుంది. డైరీలో పేజీలకు పేజీలు రాస్తాను గానీ, బస్సు ఆపమని అడగలేక తర్వాతి స్టాపులో దిగి వెనక్కి నడిచిన రోజులున్నాయి. అద్దం వెనక ఉద్యోగం నాకు సరిపోయింది. నా ముందు ఒక మైకు ఉంటుంది. అందులో ఏమన్నా శీనన్న చెవిలోనే వినిపిస్తుంది, ప్రసారంలోకి పోదు. నా మైకుకూ ప్రసారానికీ మధ్య అసలు వైరే లేదు.

బోయిగూడ నుంచి ప్రతి బుధవారం ఫోన్ చేసే ఒక పెద్దావిడ ఉండేవారు. సుగుణమ్మ, రిటైరైన టీచరు. వాళ్ల గల్లీలో మ్యాన్‌హోల్ మూత పగిలిపోయింది. దాని పక్క నుంచే పిల్లలు బడికి పోతారు. వాన పడితే నీళ్ల కింద గుంత ఎక్కడుందో తెలియదు. ఎర్ర దిండుగలీబు చింపి కర్రకు కట్టి అందులో నిలబెట్టింది ఆవిడే.

"వందనాలు బిడ్డా" అని మొదలుపెట్టేవారు. చెప్పడం అయ్యాక మాత్రం వదిలేవారు కాదు.

"ఏం రాసుకున్నవో జెర సదువు."

చదివేదాన్ని. దిద్దేవారు. "'మూత సరిగా లేదు' కాదు బిడ్డా. మూత లేనే లేదు. ఉన్నదున్నట్టు రాయాలె."

ఫోన్ పెట్టగానే శీనన్న నవ్వేవాడు. "ఏం చెల్లె, ఇయ్యాల మార్కులెన్ని ఏసిందే మీ టీచరమ్మ?"

వానలు షురూ అయిన కొన్నాళ్లకు, ఎదురుగా వచ్చే ఆటోకు దారి ఇవ్వబోయి ఆవిడ ఆ గుంత అంచున జారి పడ్డారు. తుంటి ఎముక విరిగింది. ఆసుపత్రి నుంచి మళ్లీ ఇంటికి రాలేదు. పక్కింటావిడ స్టేషన్‌కు ఫోన్ చేసి చెప్పింది. "ఇగ టీచరమ్మ ఫోన్ రాదమ్మా. మీకు చెప్పాలనిపించింది." అది కూడా రాసుకున్నాను. చదివి వినిపించమని ఎవరూ అడగలేదు.

ఆ పై వారమే మ్యాన్‌హోళ్ల పనులు చూసే ఇంజనీరు మా కార్యక్రమానికి రావడానికి ఒప్పుకున్నారు. మొదలయ్యే ముందు మేనేజర్ నా గదిలోకి వచ్చారు.

"ఇయ్యాల ఆ మ్యాన్‌హోల్ లొల్లి వద్దు. సార్ రాక రాక వస్తుండు, పరేషాన్ చేయొద్దు. ఆమె సుత పోయె, ఇంక అడిగేటోళ్లెవరు?"

బయట సన్నగా వాన. శీనన్న ఎదురుగా కూర్చుని ఇంజనీరు గారు మర్యాదగానే మాట్లాడారు. మధ్యలో తనంతట తానే అన్నారు: "బోయిగూడ సైడ్ అంతా క్లియర్ అండీ. అక్కణ్నుంచి ఒక్క కంప్లైంట్ కూడా లేదు."

నాకు ఒళ్లంతా మండింది. శీనన్నకు చెప్పాలని నా మైకు దగ్గరకు వంగాను. నోరు తెరిచాను. మాట రాలేదు. అది నాకు బాగా గుర్తుంది. రెండు చేతులూ బల్ల మీదే ఉన్నాయి. ఏ మీటా నొక్కలేదు.

రెండో లైను దీపం వెలిగింది. రింగు రాలేదు.

"వందనాలు సార్" అంది నా హెడ్‌ఫోన్‌లో గొంతు. "బోయిగూడల మా గల్లీల మూత లేదు. ఎండకాలం నుంచి చెప్తనే ఉన్నం."

శీనన్న చటుక్కున తల ఎత్తి నా వైపు చూశాడు. ఆ గొంతు ఎవరిదో ఆయనకూ తెలుసు. ఆవిడ లేరని కూడా తెలుసు. తెలియనిది ఇంజనీరు గారికే.

"అమ్మా, మీరు పెద్దవారు, కోపం చేసుకోకండి" అన్నారు. "నోట్ చేసుకుంటున్నా." పెన్ను కాగితం మీద కదిలింది.

"ఏం రాసుకున్నరో జెర సదువుండ్రి సార్."

పెన్ను ఆగిపోయింది. అద్దంలోంచి నాకు కాగితం కనిపిస్తూనే ఉంది. దాని మీద డబ్బాలో డబ్బా గీసి ఉంది, అంతే. ఫోన్‌లో ఉన్న మనిషికి అది కనిపించే వీల్లేదు.

"అదే... బోయిగూడ... మూత సరిగా లేదు..."

"సరిగా లేకపోవుడు కాదు. మూత లేనే లేదు. గట్లనే రాయుండ్రి. ఎన్నడేస్తరో అది సుత రాయుండ్రి."

ఆయన నిజంగానే రాశారు. రాసింది బడి పిల్లాడిలా చదివారు. "మూత లేనే లేదు. ఆదివారం లోపల వేయిస్తాను."

"మంచిది" అంది గొంతు. దీపం ఆరిపోయింది.

సాయంత్రం ఇంటికి వెళ్లగానే విన్నదంతా డైరీలో రాసుకున్నాను. మంచిదే అయింది. ఎందుకంటే మర్నాడు రికార్డింగ్ వేస్తే అందులో సుగుణమ్మ గారు లేరు. మాటలన్నీ అవే. గొంతు నాది.

మేనేజర్ మళ్లీ మళ్లీ వేయించారు. ప్రతిసారీ నా సన్నటి గొంతు "వందనాలు సార్" అంటుంది, దానికి ఇంజనీరు గారు "అమ్మా, మీరు పెద్దవారు" అని జవాబిస్తారు. శీనన్న గోడకు ఆనుకుని నిలబడ్డాడు. "నేనిన్నది ఇది కాదు చెల్లె" అన్నాడు, నాకొక్కదానికే వినబడేలా. ఫోన్ల లెక్క తీసి చూస్తే, ఆ పొద్దున ఆ సమయంలో రెండో లైనుకు ఏ ఫోనూ వచ్చినట్టు లేదు.

మేనేజర్‌కు దయ్యాల మీద ఆసక్తి లేదు. "మాట్లాడిందెవరో పేరు కావాలని ఇంజనీరు సార్ ఆఫీసు నుంచి అడుగుతున్నరు. లైన్లు కలిసినయ్, టెక్నికల్ ప్రాబ్లం, సారీ అని మనం ప్రసారంలో చెప్పేద్దాం. ఖతం. అడిగినోళ్లే లేరంటే సార్ ఒప్పుకున్నది సుత లేనట్టే."

అప్పుడు అర్థమైంది. ఆ గొంతు ఎవరిదీ కాకపోతే ఆ మాటా ఎవరికీ ఇచ్చింది కాదు. గుంత అలాగే ఉంటుంది. పిల్లలు దాని పక్కనుంచే పోతారు.

"నేనే అడిగిన సార్" అన్నాను.

గదిలో అందరూ నా వైపు తిరిగారు. ఈసారి గొంతు పట్టేయలేదు.

"నౌకరీ పోతది తెల్సా?"

"పోనీయుండ్రి. సారీ మాత్రం చెప్పను. నా పేరు రాసియ్యుండ్రి."

ఆయన విసుగ్గా కాగితం లాక్కుని రాశారు. వెళ్లబోతుంటే ఆపాను.

"ఏం రాసిండ్రో జెర సదువుండ్రి సార్."

నా ఉద్యోగం పోలేదు. రెండు వారాలు నన్ను ఫోన్ల దగ్గరకు రానివ్వలేదు, అంతే. మూత ఆదివారం పడింది. నాన్నతో వెళ్లి చూశాను. నాన్న దాని మీద నిలబడి కాలితో గట్టిగా తన్నాడు. కర్రను ఎవరో తీసి గోడకు చేర్చారు, ఎర్ర గుడ్డ దానికే ఉంది.

తర్వాత నాన్న శీనన్నను అడిగి స్టేషన్‌కు వచ్చాడు. బల్ల కింద దూరి, నా మైకు నుంచి ప్రతి వైరునూ చేత్తో పట్టుకుని చివరిదాకా చూశాడు. చేతులు దులుపుకుంటూ లేచాడు. "దీంట్లకెల్లి ప్రసారంలకు పోయే తొవ్వ లేదు బిడ్డా" అన్నాడు.

నాకూ తెలియదు. నా గొంతే అయితే నాకెందుకు గుర్తు లేదు? ఆవిడ గొంతే అయితే రికార్డింగ్‌లో ఎందుకు లేదు? ఎంత ఆలోచించినా తెగలేదు. తెగలేదనే రాస్తున్నాను. ఉన్నదున్నట్టు రాయాలి కదా.

ఇప్పుడు అధికారులు వచ్చినప్పుడు శీనన్న నాకూ ప్రసారంలోకి పోయే మైకు పెడతాడు. చివర్లో ఆ ఒక్క ప్రశ్న నేను అడుగుతాను. కొందరికి చిరాకు. ఒకాయన లేచి వెళ్లిపోయాడు కూడా. పోనీ. ఈసారి ఎవరైనా అలా లేచిపోతే ఖాళీ కుర్చీనే అడుగుతాను.

ప్రతిసారీ ఇంటికి బయల్దేరే ముందు రికార్డింగ్ ఒకసారి వింటాను, ఎవరి గొంతో చూద్దామని. ఇప్పటిదాకా నాదే.